దేవుడి గురించి మాట్లాడుతూనే ఉన్నాం, మరి నేర్చుకోవద్దా?

"థియాలజీ (దైవశాస్త్రం) మనలాంటి వాళ్లకెందుకండీ, అది పాస్టర్లు, బైబిల్ కాలేజీలో చదివేవాళ్లు చూసుకుంటారు" అనే మాట సంఘంలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనేవాళ్లు చెడ్డ ఉద్దేశంతో అనరు. ఉద్యోగం, పిల్లలు, ఇంటి పని, వీటి మధ్య రోజూ ఒక అధ్యాయం చదివి కాసేపు మోకరించడమే గగనమైపోతుంటే మళ్లీ ఈ లావుపాటి పుస్తకాలు ఎక్కడ చదువుతాం అనేది వాళ్ల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆ మాటని మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే అలా అనేవాళ్లు కూడా వారమంతా దేవుడి గురించి ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి "భయపడకు, దేవుడు తప్పకుండా బాగుచేస్తాడు" అంటాం. ఉద్యోగం పోయినవాడితో "నీకోసం ఇంతకన్నా మంచిది దాచిపెట్టాడు" అంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "దేవుడికి ఆ పువ్వు నచ్చింది, కోసుకుపోయాడు" అంటాం. అబద్ధమాడిన పిల్లాడితో "ఇలా చేస్తే యేసయ్యకి నువ్వంటే ఇష్టం ఉండదు" అంటాం. వీటిల్లో ఒక్కోటీ ఒక్కో పెద్ద సిద్ధాంతం. దేవుడు దేనికి మాటిచ్చాడు, దేనికి ఇవ్వలేదు, చావు ఎవరి పని, ఆయన ప్రేమ మన నడవడిని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుందా, ఇలాంటి ప్రశ్నలకి మనం అక్కడికక్కడే, ఆలోచించకుండా, గట్టి నమ్మకంతో జవాబులు చెప్పేస్తున్నాం. దేవుడి గురించి మనం చెప్పేది నిజమా కాదా అని లేఖనాల దగ్గర కూర్చుని చూసుకోవడమే థియాలజీ. మాట్లాడటం ఎలాగూ ఆపలేం, ఆపకూడదు కూడా. అలాంటప్పుడు సరిగ్గా మాట్లాడటం నేర్చుకోవడం మనమీద ఉన్న బాధ్యత, మన తెలివి కోసం కాకపోయినా మన మాట వినేవాళ్ల కోసమైనా.

బైబిల్లో ఆస్తినీ, పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు అనే నీతిమంతుడి స్నేహితుల్ని చూడండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ముగ్గురూ ఎవరి చోటు నుంచి వాళ్లు పనిగట్టుకుని బయల్దేరి వచ్చారు. దూరం నుంచే చూసి ఏడ్చారు, బట్టలు చింపుకున్నారు, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతనితో పాటు నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. మనలో ఎంతమందిమి అంత చేస్తాం చెప్పండి. ప్రేమకేం లోటు లేదు. సమస్యంతా నోరు తెరిచాకే. ఎలీఫజు మెత్తగానే మొదలుపెట్టి, నాలుగో అధ్యాయంలో, తప్పు చేయనివాడు ఎప్పుడైనా నశించాడా అని అడుగుతాడు. బిల్దదు ఇంకాస్త ముందుకెళ్లి, 8:4లో, నీ కొడుకులు దేవుడి దృష్టిలో పాపం చేసి ఉంటారు, అందుకే ఆ పాపానికి వాళ్లని అప్పగించేశాడు అన్నట్టు మాట్లాడతాడు. ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లని ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రితో ముఖాముఖి అన్న మాట అది.

బిల్దదు దుర్మార్గుడై అలా అనలేదు. అతని బుర్రలో ఒక లెక్క ఉంది. దేవుడు నీతిమంతుడు, నీతిమంతుడైన దేవుడు పాపాన్ని శిక్షిస్తాడు, కాబట్టి ఎక్కడ కష్టం కనబడితే అక్కడ పాపం ఉండి తీరాలి. మొదటి రెండూ నిజమే, మూడోదే తప్పు. ఆ ఒక్క తప్పు మెట్టు మీద నిలబడి ఒక్క సాయంత్రం మాట్లాడినా చాలు, ఎదుటి మనిషి నలిగిపోతాడు. వీళ్లు అధ్యాయాల కొద్దీ మాట్లాడారు.

ఆ పుస్తకం చదువుతున్నప్పుడు నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఇంకోటుంది. ఎలీఫజు అన్న మాటల్లో ఒకదాన్ని పౌలు 1 కొరింథీ 3:19లో లేఖనంగా ఎత్తి రాశాడు, జ్ఞానుల్ని వాళ్ల కుయుక్తిలోనే దేవుడు పట్టుకుంటాడు అనే మాట. అంటే ఎలీఫజు నోట్లో నిజాలు కూడా ఉన్నాయి. అయినా చివర్లో, 42వ అధ్యాయంలో, దేవుడు అతని మీదా, మిగతా ఇద్దరి మీదా కోపపడి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరైనది పలకలేదు అన్నాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకుని ఆ యోబు దగ్గరికే వెళ్లమన్నాడు, అతను ప్రార్థన చేస్తే వింటానన్నాడు. దేవుడి తరఫున వాదిస్తున్నాం అనుకున్న మనుషుల మీద దేవుడికి కోపం వచ్చింది. ఆయన గురించి తప్పుగా చెప్పి బాధలో ఉన్నవాణ్ణి ఇంకా బాధపెట్టడాన్ని ఆయన చిన్న విషయంగా వదిలేయలేదు. నేను థియాలజీ గురించి ఇంత పట్టుదలగా రాయడానికి ఆ అధ్యాయం ఒక్కటే చాలు.

మాకు తెలిసిన ఒక అక్క ఉంది. ఎన్నాళ్లగానో తగ్గని జబ్బు. ఆమెని చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకావిడ చక్కగా, కన్నీళ్లతో ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాక ఆ చెయ్యి వదలకుండానే "విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి తిరగాలమ్మా, లోపల ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో" అంది. నేను ఆ గదిలోనే ఉన్నాను. అక్క ఏమీ అనలేదు, దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ ఉండిపోయింది. అందరూ వెళ్లిపోయాక నన్ను అడిగింది ఒక్కటే, "నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు, నీకేమైనా తెలుసా?" అని. అప్పటిదాకా ఆమెకి జబ్బు ఒక్కటే ఉంది. ఇప్పుడు దేవుడికి తన మీద కోపమొచ్చిందేమో అన్న భయం కూడా వచ్చి చేరింది.

ఆ వచ్చినావిడ ప్రేమని నేను శంకించను. ఉపవాసాలుంటుంది, కీర్తనలు చూడకుండా చెప్తుంది, ఎవరికి కష్టమొచ్చినా ముందు వెళ్లేది ఆవిడే. కానీ 2 తిమోతి 4:20లో "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని పౌలు రాసిన చిన్న వాక్యం దగ్గర ఆగి ఆలోచించమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి వేస్తేనే రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు తన తోటి పనివాణ్ణి జబ్బుతో ఉండగా ఒక ఊళ్లో వదిలిపెట్టి రావాల్సి వచ్చింది. త్రోఫిముకి విశ్వాసం తక్కువైందని ఎక్కడా అనలేదు. తిమోతికి తరచూ కడుపు బాగుండేది కాదు, దానికి పౌలు ఇచ్చింది మామూలు సలహా, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని, గద్దింపు కాదు. తన ఒంట్లో ముల్లు తీసేయమని పౌలు స్వయంగా మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఎవరు పాపం చేస్తే వీడిలా పుట్టాడు, వీడా, వీడి అమ్మానాన్నలా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వాళ్లూ కాదు అని యేసు అక్కడికక్కడే తేల్చేశాడు.

హెబ్రీ 11 అయితే ఇంకా స్పష్టం. విశ్వాసవీరుల అధ్యాయం అని అందరం ఇష్టంగా చదువుతాం, కానీ 35వ వచనం మధ్యలోనే ఆపేస్తాం. 34వ వచనంలో విశ్వాసం చేత కొందరు కత్తి వాదర నుంచి తప్పించుకున్నారు. 37వ వచనంలో కొందరు కత్తితో చంపబడ్డారు. మధ్యలో మూడు వచనాలే తేడా. 39వ వచనం వీళ్లందరినీ కలిపి, అందరూ తమ విశ్వాసం ద్వారా సాక్ష్యం పొందినవాళ్లే అంటుంది. తప్పించుకున్నవాడిది ఎక్కువ విశ్వాసం, చచ్చిపోయినవాడిది తక్కువ విశ్వాసం అనే లెక్క అక్కడ లేనే లేదు.

దేవుడు ఈ రోజుకీ స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, రోగుల కోసం ప్రార్థన చేస్తాను, యాకోబు 5 చేయమంది కాబట్టి చేయాలి. అయితే దేవుడు బాగుచేయగలడు అనడం వేరు, నమ్మిన ప్రతివాణ్ణీ ఈ జీవితంలోనే బాగుచేస్తానని మాటిచ్చాడు అనడం వేరు. ఆయన మాటిచ్చింది ఇంకా పెద్దది, రోమా 8:23లో పౌలు చెప్పిన మన దేహం యొక్క విమోచన, పునరుత్థానం. ఆ తేడా తెలిసిన మనిషి ఆ మంచం పక్కన వేరేలా ప్రార్థన చేస్తాడు, ఆమేన్ అన్నాక వేరేలా మాట్లాడతాడు. ఆ తేడా తెలుసుకోడానికి డిగ్రీ అక్కర్లేదు, కాస్త ఓపిగ్గా, ఒక వాక్యాన్ని ఇంకో వాక్యం పక్కన పెట్టి చదవడం కావాలి.

చదవాలి అనగానే దానికి అడ్డంగా మూడు వచనాలు ఎదురొస్తాయి, ప్రతిసారీ ఇవే. "అక్షరము చంపును" అంటారు. 2 కొరింథీ 3:6 అది. తర్వాతి వచనం చదివితే పౌలు మాట్లాడేది రాళ్ల మీద చెక్కిన ధర్మశాస్త్రం గురించి, పాత నిబంధన పరిచర్యనీ కొత్త నిబంధన పరిచర్యనీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాడు. పుస్తకం తెరిస్తే ఆత్మీయత చస్తుందని అక్కడ లేదు. చెరసాల్లో చలికాలం ముంచుకొస్తుంటే అంగీతో పాటు పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మని తిమోతికి రాసిన మనిషి పౌలు. రెండోది, పేతురు యోహానులు "విద్యలేని పామరులు" కదా అంటారు. నిజమే, ఆ మాట వాళ్లని విచారించిన యూదుల మహాసభవాళ్లు అనుకున్నది, రబ్బీల దగ్గర చదువుకోలేదని. కానీ ఆ వచనంలోనే వాళ్లు యేసుతో కూడా ఉన్నవాళ్లని గుర్తుపట్టారని కూడా ఉంది. మనుషులందరిలోకీ గొప్ప బోధకుడి వెంట పగలూ రాత్రీ తిరిగినవాళ్లు వాళ్లు. పెంతెకొస్తు రోజు పేతురు ప్రసంగం చూడండి, యోవేలు ప్రవచనం, 16వ కీర్తన, 110వ కీర్తన, మూడింటినీ తీసుకుని వాటి అర్థం క్రీస్తులో ఎలా నెరవేరిందో వరసగా విప్పి చెప్తాడు. దావీదు చచ్చిపోయాడు, సమాధి ఇక్కడే ఉంది, కాబట్టి ఆ కీర్తన దావీదు గురించి కాదు అని వాదిస్తాడు. అది థియాలజీయే, చేపలు పట్టే మనిషి నోట.

మూడోది 1 యోహాను 2:27, అభిషేకం ఉంది కాబట్టి ఎవడూ మీకు బోధింపనక్కరలేదని. ఆ మాటని యోహాను అయిదు అధ్యాయాల బోధ మధ్యలో రాశాడు. దాని ముందు వచనం చూస్తే, మిమ్మల్ని మోసపరిచేవాళ్ల గురించి ఇదంతా రాస్తున్నాను అంటాడు. ఏదో కొత్త రహస్యజ్ఞానం మా దగ్గర ఉంది, మేం చెప్తేగానీ మీకు తెలీదు అనేవాళ్ల వల్లో పడొద్దని ఆ మాట. బోధకుల్ని సంఘానికి ఇచ్చింది క్రీస్తే అని ఎఫెసీ 4లో ఉంది కదా.

సరే, నొప్పి గురించీ చావు గురించీ ఒప్పుకుంటాం, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అనేది), క్రీస్తు రెండు స్వభావాలు (ఆయన దేవుడూ మనిషీ కూడా అనేది), ఇవి కూడా మామూలు విశ్వాసికి కావాలా అని అడుగుతారు. కావాలి. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అరియుస్ అనే పెద్ద ఉండేవాడు. కుమారుడు ఎంత గొప్పవాడైనా తండ్రి చేసిన సృష్టే, ఆయన లేని సమయం ఒకటి ఉంది అని బోధించాడు. ఆ బోధ ఎలా పాకిందో చూడండి. ఓడల్లో పనిచేసేవాళ్లు, తిరగలి దగ్గర పనిచేసేవాళ్లు, ప్రయాణాలు చేసేవాళ్లు పాడుకునేలా అరియుస్ పాటలు కట్టాడని ఫిలోస్టోర్గియస్ అనే చరిత్రకారుడు రాశాడు. సిద్ధాంతం సామాన్యులకి అక్కర్లేదని మనం అనుకుంటున్నాం గానీ అరియుస్ అలా అనుకోలేదు. ఇప్పుడైనా అంతే, ఆదివారం ప్రసంగం మంగళవారానికి మర్చిపోతాం, పాట మాత్రం నెలల తరబడి నోట్లో ఆడుతుంది. ఆ పాటలో దేవుడి గురించి ఏముందో ఎప్పుడైనా ఆగి చదివామా? నా మటుకు నేను, సంఘంలో పాటలు ఎంచేవాళ్లు ప్రసంగం చేసేవాళ్లంత శ్రద్ధగా వాక్యం నేర్చుకోవాలంటాను.

325లో నైసియాలో బిషప్పులు సమావేశమై, కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడు అని ఒప్పుకున్నారు. ఆ సభకి తన బిషప్పు వెంట డీకన్‌గా వెళ్లిన యువకుడు అథనాసియస్. తర్వాత 328లో తనే బిషప్పయ్యాడు. ఈ ఒక్క సత్యాన్ని వదలనందుకు అయిదుసార్లు వెళ్లగొట్టారు, మొత్తం కలిపితే పదిహేడేళ్ల దాకా పరాయిచోట్ల బతికాడు. అంత మొండితనం దేనికి? అతని వాదన వింటే తెలుస్తుంది. యేసు సృష్టి అయితే మనం ఆయన్ని ఆరాధించడం విగ్రహారాధన అవుతుంది. యేసు సృష్టి అయితే మనల్ని రక్షించడానికి దేవుడు రాలేదు, ఇంకొకర్ని పంపి తను దూరంగా ఉండిపోయాడు. సిలువ మీద మనకోసం ప్రాణం పెట్టింది ఎవరు అనే ప్రశ్న అది. దానికి జవాబు మారితే మీరు రాత్రి చేసుకునే ప్రార్థన మారిపోతుంది.

సండే స్కూల్లో చెప్పేవాళ్లు ఈ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. నీళ్లు, మంచు గడ్డ, ఆవిరి, మూడూ ఒకటే కదా, త్రిత్వం కూడా అంతే అని పిల్లలకి చెప్పేస్తుంటాం. వినడానికి బాగుంటుంది. కానీ అదే నీళ్లు ఒకసారి గడ్డకడుతుంది, ఒకసారి ఆవిరవుతుంది, అంటే ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనబడతాడని చెప్పినట్టు. అది మూడో శతాబ్దంలో సబెల్లియస్ చెప్పిన బోధ, సంఘం దాన్ని తోసిపుచ్చింది. దాన్ని నమ్మిన పిల్లాడు రేపు, యేసు పట్టుబడే ముందు ప్రార్థన చేసిన గెత్సేమనే దగ్గరికి వచ్చి "మరి యేసు ఎవరికి ప్రార్థన చేస్తున్నాడు, తనకి తనేనా?" అని అడుగుతాడు. ఎంత మంచి ప్రశ్న! దానికి "అలా అడక్కూడదు, విశ్వసించాలి" అని చెప్పామంటే, ఆ పిల్లాడు పెద్దయ్యాక ఎవరో ఒకరి దగ్గర జవాబు వెతుక్కుంటాడు, వాళ్లు ఎవరై ఉంటారో మన చేతుల్లో ఉండదు. దాని బదులు యేసు బాప్తిస్మం చదివి వినిపించండి. కుమారుడు నీళ్లలో నుంచి బయటికొస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తండ్రి స్వరం పైనుంచి వినబడుతోంది, ముగ్గురూ ఒకే సమయంలో అక్కడున్నారు, అయినా దేవుడు ఒక్కడే. అర్థమైపోయిందని చెప్పలేం, మర్మం మర్మమే. కానీ తప్పు బొమ్మ గీసి ఇవ్వకుండా ఉండగలం.

ఇంకో ఉదాహరణ చెప్పి ఈ చరిత్ర ఆపుతాను. అపొల్లినారిస్ అనే ఆయన అరియుస్‌కి పూర్తి వ్యతిరేకి, క్రీస్తు దేవత్వాన్ని గట్టిగా పట్టుకున్నవాడు. ఆ పట్టుదలలో యేసుకి మనిషి ఒళ్లయితే ఉంది గానీ మనిషి మనసు లేదు, దాని చోట దైవవాక్కే ఉంది అన్నాడు. దానికి గ్రెగొరీ ఆఫ్ నజియాంజస్ అనే బిషప్పు ఇచ్చిన జవాబు చాలా పేరుపొందింది, ఆయన ధరించనిదాన్ని ఆయన స్వస్థపరచలేదు అని. మనిషి మనసు కూడా పాపం వల్ల పాడైంది కదా, యేసు మనిషి మనసుని ధరించకపోతే మన మనసుకి రక్షణ ఎక్కడిది అన్నది అతని వాదన. ఇప్పుడు దీన్ని డిప్రెషన్‌తో ఉన్న ఒక విశ్వాసి దగ్గరికి తీసుకెళ్లండి. "విశ్వాసికి డిప్రెషనేంటి, స్తుతించు, పోతుంది" అని విని విని తన బాధ చెప్పుకోవడమే మానేసిన మనిషి దగ్గరికి. గెత్సేమనేలో యేసు "నా ప్రాణము మరణమగునంతగా బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. అది నటన కాదు. నిజమైన మనిషి మనసులో పుట్టిన నిజమైన దుఃఖం, అందులో పాపం లేదు. భయం, టెన్షన్, మనసు కుంగిపోవడం, ఇవన్నీ ఆయనకి లోపలి నుంచి తెలుసు. నాలుగో శతాబ్దపు వాదన ఈ రోజు రాత్రి నిద్రపట్టని మనిషికి ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా.

వచనాల్ని సందర్భం లేకుండా ఫోన్లో పంపుకోవడం గురించి కూడా ఒక మాట. యిర్మీయా 29:11 అందరికీ నోటికొచ్చు, సమాధానకరమైన ఉద్దేశాలే గానీ హానికరమైనవి కావు అని. పరీక్ష రాసేవాళ్లకీ, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకీ పంపుతాం. అది బబులోనుకి చెరపట్టబడి పోయినవాళ్లకి రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలో డెబ్భై ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరిగి యెరూషలేము చూడకుండానే చచ్చిపోతారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని 5 నుంచి 7 వచనాల్లో ఉంది. సరిగ్గా ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త యిర్మీయా మెడ మీది కాడి తీసి విరగ్గొట్టి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనానికి చెప్పాడు. జనానికి నచ్చే వాగ్దానం అదే. అది దేవుడు పంపింది కాదు. ఆ వచనం పంపొద్దని అనట్లేదు, పంపండి. కానీ హనన్యా మాటని యిర్మీయా మాటగా పంపకూడదు కదా.

మామూలు మనుషులకి ఇవన్నీ నేర్పడం కొత్త ఆలోచనేమీ కాదు. సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మనీలోని సాక్సనీలో సంఘాలు చూసి, జనానికి క్రైస్తవ బోధలో మొదటి పాఠాలు కూడా తెలియకపోవడం, చాలామంది పాస్టర్లకి నేర్పడం రాకపోవడం చూసి బాధపడి, 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. ఇంటి యజమాని ఇంట్లోవాళ్లకి ఎలా నేర్పాలో అలా రాశాడు, పండితులకి కాదు. 1563లో వచ్చిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో 129 ప్రశ్నలు, వాటిని ఏడాదిలో 52 ఆదివారాలకి సరిపోయేలా పంచారు. దాని మొదటి ప్రశ్న దేవుడి గుణలక్షణాల గురించి కాదు, బతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఒక్క ఆదరణ ఏమిటి అని. నేను నా సొత్తు కాదు, బతికినా చచ్చినా, ఒంటితోనూ ఆత్మతోనూ నమ్మకమైన నా రక్షకుడు యేసు క్రీస్తు సొత్తుని అనేది జవాబు మొదలు. పిల్లలకి కంఠతా పట్టించిన మాట ఇది. ఇంకా వెనక్కెళ్తే, అపొల్లో లాంటి గొప్ప వక్తని, లేఖనాల్లో ప్రవీణుణ్ణి, ఇంటికి తీసుకెళ్లి దేవుని మార్గం ఇంకా పూర్తిగా వివరించింది ఎవరు? డేరాలు కుట్టుకుని బతికే భార్యాభర్తలు, ప్రిస్కిల్ల, అకుల. రోజంతా పనిచేసుకునే మనుషులే.

గర్వం వస్తుందేమో అని భయపడేవాళ్లకి నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఎందుకంటే వస్తుంది. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని పౌలు ఊరికే రాయలేదు. నాలుగు పుస్తకాలు చదివి, కనబడిన ప్రతి పాస్టర్ మాటలోనూ దుర్బోధ వెతుకుతూ, రాత్రంతా ఫోన్లో వాదించి, పొద్దున ఇంట్లో అమ్మతో మర్యాదగా మాట్లాడని కుర్రాళ్లని చూస్తే నాకూ బాధేస్తుంది. దేవుడొక్కడే అన్న సిద్ధాంతం దయ్యాలకీ తెలుసు, నమ్మి వణుకుతాయి అన్నాడు యాకోబు. అయితే దానికి మందు చదవడం మానేయడం కాదు. పౌలు ఆ మాట రాసింది కూడా కొరింథువాళ్లకి విగ్రహాల గురించీ, ఒకే దేవుడి గురించీ సిద్ధాంతం నేర్పుతూనే. నేర్చుకున్నదాన్ని మోకాళ్ల మీద దేవుడికే చెప్పడం అలవాటు చేసుకుంటే చాలావరకు గర్వం నిలవదని నా నమ్మకం. త్రిత్వం గురించి చదివిన రాత్రి తండ్రికి, కుమారుడి ద్వారా, ఆత్మలో ప్రార్థన చేయండి. కృప గురించి చదివిన రోజు ఎవరినైనా క్షమించండి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నేను చెప్పేది పెద్దదేం కాదు. ముందు ఒక సువార్తని, మార్కు అయితే మరీ మంచిది, ఒకేసారి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదవండి, ముక్కలుగా కాదు. తర్వాత అపొస్తలుల విశ్వాస ప్రమాణం, అంటే మన నమ్మకాన్ని కొద్ది మాటల్లో ఒప్పుకునే పాత ప్రకటన, తీసుకుని వారానికి ఒక్క వాక్యం, ఆ వాక్యం బైబిల్లో ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్లండి. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఇంకా మంచిది, మనం చూడనిది పక్కవాళ్లు చూస్తారు. ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని పాస్టర్ గారిని అడగండి, మర్యాదగా, పరీక్ష పెట్టినట్టు కాకుండా. నిజమైన సేవకుడు సంతోషిస్తాడు. పౌలు చెప్పినవి అలాగున్నాయో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించిన బెరయవాళ్లని లూకా ఘనులన్నాడు, తిరుగుబాటుదారులు అనలేదు.

యేసుకి సిలువ శిక్ష వేసిన రోమా అధిపతి పొంతి పిలాతు పేరు ఆ ప్రమాణంలో ఎందుకుందో ఆలోచించడానికే ఒక వారం పడుతుంది, మన విశ్వాసం ఒక తారీఖున్న చరిత్ర మీద నిలబడిందని అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత "పాతాళమునకు దిగెను" అనే మాట వస్తుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు, సంఘాలు కూడా దాన్ని రకరకాలుగా అర్థం చేసుకున్నాయి. దాటేయకండి. 1 పేతురు 3:18 నుంచి 20 వరకూ, అపొస్తలుల కార్యములు 2:31 తెరిచి పెట్టుకుని, మీకు తోచింది రాసుకుని, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి అడగండి.